తప్పుల్లేని మాట

"నాన్నా, ఆ రోజు నేను చేసింది తప్పే. నువ్వు మనసులో..."

షారోన్ ఫోను మీద బొటనవేలు పక్కకి జరిపి ఆ వాట్సాప్ వాయిస్ చెరిపేసింది. 'తప్పే' అంటే ఏదో ఒప్పుకోలేక ఒప్పుకున్నట్టుంది. 'తప్పు' అనాలి. మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి మధ్యలో గొంతు జీరబోయింది. అదీ చెరిపేసింది.

సింగరాయకొండ దగ్గర బడిలో అర్ధ సంవత్సరం పరీక్షలు జరుగుతున్నాయి. పొద్దుటి పేపరు అయిపోయి పిల్లలు అన్నాలకి పోయారు. స్టాఫ్ రూములో షారోన్, సైమా మేడం ఇద్దరే మిగిలారు. షారోన్ ఇంకా క్యారేజీ మూత తియ్యలేదు.

ఆమె తండ్రి క్రీస్తుదాసు ఆయాసంతో గుంటూరు ఆస్పత్రిలో ఉన్నాడు. తోడుగా తల్లి ఎలీసమ్మ ఉంది. ఇద్దరికీ కలిపి ఒకటే ఫోను. పరీక్ష జరిగేటప్పుడు ఫోను మోగితే మెమో ఇస్తారని, బడి టైములో ఏదన్నా చెప్పాలంటే వాయిస్ పెట్టమని, శనివారం తనే వస్తానని షారోన్ తల్లికి గట్టిగా చెప్పి ఉంచింది.

పోయిన నెల ఊళ్ళో చర్చిలో, టీచరు ఉద్యోగం వచ్చిందని షారోన్‌కి శాలువా కప్పారు. తండ్రిని రెండు మాటలు చెప్పమన్నారు. మిర్చి యార్డులో టిక్కీ బస్తాలు మోసిన మనిషి, మైకు పట్టుకోవడం అదే మొదలు. సంతోషంలో కూతురు చదివిన చదువు పేరు తప్పు చెప్పాడు. పాస్టరుగారికి వందనాలు చెప్పడం మర్చేపోయాడు. షారోన్ అందరి ముందూ మైకు అందుకుని అన్నీ సరిచేసింది. "తెలియనప్పుడు మాట్లాడకూడదు నాన్నా" అని కూడా అంది. ఆ మాట మైకులోనే వినపడింది.

అప్పట్నించీ ఆయన కూతురితో ఫోన్లో మాట్లాడటం మానేశాడు. "నువ్వు మాట్లాడవే, నేనేదన్నా తప్పు మాట్లాడతా" అని ఫోను భార్యకిచ్చేస్తాడు. ఆ మాట షారోన్‌కి వినపడుతూనే ఉంటుంది. అలిగి అన్నా బాగుండేది. ఆయన భయపడి అంటున్నాడు. అదే ఆమెని కోస్తోంది.

నిన్న సాయంత్రం డాబా మీద కూర్చుని చీకటి పడేదాకా చెప్పింది, చెరిపింది. రేపు కుదురుగా చెబుదాంలే అని పడుకుంది. ఇవాళా అదే వరస.

"ఏం షారోనూ, పాటల పోటీకి ప్రాక్టీసా?" అంది సైమా పెరుగన్నం కలుపుకుంటూ.

షారోన్ సంగతంతా చెప్పింది. సైమా నవ్వు ఆపేసింది.

"మీ నాన్నేమన్నా పేపర్లు దిద్దుతాడా తల్లీ, తప్పుకో మార్కు కోసెయ్యటానికి? నోటికి ఏదొస్తే అది చెప్పి పంపెయ్."

"తప్పు చేసి, క్షమించమనే మాట కూడా తప్పుగా చెబితే ఎట్టా మేడం?"

అంతలో ఫోన్లో నాన్న పేరు కింద 'రికార్డింగ్' అని పడింది. షారోన్ ఫోను దగ్గరికి తీసుకుంది. నాన్న మాట్లాడుతున్నాడు. ఆ అక్షరాలు కాసేపు ఉండి మాయమయ్యాయి. వాయిస్ ఏదీ రాలేదు. మళ్ళీ పడ్డాయి, మళ్ళీ పోయాయి. ఇంకోసారీ అంతే.

"చూశారా మేడం? చెప్పి చెరిపేస్తున్నాడు. నేను దిద్దుతానని." ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

సైమా చెయ్యి కడుక్కొచ్చి పక్కన కూర్చుంది. "అయితే ముందు నువ్వే తప్పుగా చెప్పు. ఆయనకి భయం పోతుంది."

షారోన్ మైకు గుర్తు నొక్కి పట్టుకుంది.

"నాన్నా... నేను... ఆ రోజు నీ చేతిలో మైకు... నాకు చెప్పడం చేతకావట్లేదు నాన్నా. నువ్వు ఏం మాట్లాడినా నాకు కావాలి. తప్పులే మాట్లాడు. అన్నీ తప్పులే మాట్లాడు. శనివారం... కాదు, శనివారం కాదు, ఇవాళే వస్తా. సెలవు అడుగుతా. నాన్నా, నాతో మాట్లాడు నాన్నా..."

ఎక్కిళ్ళు వచ్చాయి. బయట పిల్లలు పళ్ళేలు కడుగుతూ అరుచుకుంటున్నారు, ఆ అరుపులూ అందులో పడ్డాయి. వేలు వదిలేసింది. వాయిస్ వెళ్ళిపోయింది. మళ్ళీ వినలేదు, చెరపలేదు.

కాసేపటికి ఆ వాయిస్ పక్కనున్న మైకు గుర్తు నీలంగా మారింది.

"విన్నాడు మేడం," అంది షారోన్. నెల రోజులుగా గుండె మీద కూర్చున్న బరువేదో దిగినట్టయింది. కళ్ళు తుడుచుకుని క్యారేజీ మూత తీసింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది.

మళ్ళీ 'రికార్డింగ్' అని పడింది. ఈసారి తొందరగా పోలేదు. నాన్న తీరిగ్గా మాట్లాడుతున్నాడు. ఎన్ని తప్పులైనా మాట్లాడనీ అనుకుంది.

వాయిస్ వచ్చింది. సైమా కూడా వినాలని షారోన్ స్పీకరు పెట్టింది. నాన్న గొంతు కాదు, అమ్మది.

"అమ్మా షారోనూ... నువ్వు పెట్టింది మీ నాన్న చెవి కాడ పెట్టి అంతా వినిపించానమ్మా. పరీక్షల్లో ఫోన్ చెయ్యొద్దన్నావు గదా, నీ ఉద్యోగానికి మాటొస్తదని ఇందులోనే చెబుదామని ఇందాకట్నించీ నొక్కుతున్నా. ఎట్టా చెప్పినా తప్పుగానే వస్తంది. పొద్దున మీ బడి గంట కొట్టే యాళకే పోయాడమ్మా ఆయన."