జోజో గుడ్డ

"మీ లాండ్రీకి భలే ప్రచారం పెట్టారండీ" అన్నాడు కోటు కోసం వచ్చిన లాయరు, నవ్వు ఆపుకుంటూ.

లాండ్రీ తాత వెనక్కి తిరిగి చూశాడు. మడతపెట్టిన తెల్ల దుప్పట్ల దొంతర పక్కన మనవరాలు బుల్లి చతికిలబడి కూర్చుంది. రెండున్నరేళ్ళ పిల్ల. బొటనవేలు నోట్లో ఉంది, మిగతా వేళ్ళ మధ్య ఓ గుడ్డపీలిక. దాని కొసతో ముక్కు కింద రాసుకుంటూ, కళ్ళు సగం మూసి, ఈ లోకంలోనే లేదు. ఆ గుడ్డ అసలు రంగేమిటో దాన్ని నేసినవాడు కూడా చెప్పలేడు. ఊరందరి మురికీ వదలగొట్టే ఆ ఇంట్లో వదలని మురికి అదొక్కటే.

లాయరు మెట్లు దిగాడో లేదో తాత కొడుకు మీద విరుచుకుపడ్డాడు.

"పరువు తీస్తోందిరా నీ కూతురు. ఇవాళ దాన్ని పొయ్యిలో పడేస్తాను. మళ్ళీ నన్ననకండి."

కొడుకు చేతిలో ఇస్త్రీపెట్టె ఆగలేదు. "మొన్ననే డాక్టరమ్మకి చూపించాం నాన్నా. చాలామంది పిల్లలకి ఏదో ఒకటి ఉంటుందట. వేలు చీకేవాళ్ళు, జుట్టు మెలేసుకునేవాళ్ళు, తల ఊపుకుంటూ పడుకునేవాళ్ళు. నిద్రొచ్చినా బెంగొచ్చినా వాళ్ళని వాళ్ళే అలా బుజ్జగించుకుంటారట."

"లాక్కోవద్దంది మావయ్యా" అంది కోడలు, చొక్కాకి గుండీ కుడుతూ. "కొన్నాళ్ళకి దానంతట అదే వదిలేస్తుందట. ఆ మాట విన్నాక మా ప్రాణం కుదుటపడింది."

"నిన్ను ఏ డాక్టరుకి చూపించాన్రా నేను?" కోడలికి చెప్పాల్సిన జవాబు కొడుకుకి చెప్పాడు తాత. "నీకూ ఉండేది ఇలాంటి దరిద్రమే. జోజో గుడ్డ అనేవాడివి. మూడో ఏడు రాగానే నీ కళ్ళముందే బాయిలర్ పొయ్యిలో వేశాను. ఒక్క కన్నీటి చుక్క రాల్చావా? అదీ పెంపకమంటే."

ముప్ఫయ్యేళ్ళుగా అరిగిపోయిన కథ అది. కొడుకు చొక్కా కాలరు మీద నీళ్ళు చిలకరించి ఇస్త్రీ సాగించాడు. మూల కూర్చుని బట్టలకి నంబర్ల చీటీలు కడుతున్న తాత భార్య తలైనా ఎత్తలేదు.

పైకి ఎంత గొప్పగా చెప్పుకున్నా, లోపల తాతకి ఆ రోజు వేరేలా గుర్తుంది. అప్పుడు లాండ్రీ అంటే ఒకటే గది. ఓ మూల గంజి గంగాళం, ఓ మూల బొగ్గుల పెట్టె, కిటికీ ఎండలో తేలే ఆవిరి. పనంతా కొడుకుని భుజాన వేసుకునే చేసేవాడు. వాడు నిద్రలోకి జారబోయే ముందు ఆ గుడ్డ కొసతో తన ముక్కు కిందే కాదు, తండ్రి చెవి వెనకా రాసేవాడు. ఒళ్ళంతా చక్కిలిగింత. "ఆపరా వెధవా" అంటూనే మెడ ఇంకాస్త వంచి ఇచ్చేవాడు తను.

కాల్చిన రోజు వాడు మంటకేసి చూశాడు, తండ్రికేసి చూశాడు, మెల్లగా తల్లి దగ్గరికి నడిచి వెళ్ళిపోయాడు. వాడు ఏడిస్తే ఎత్తుకుందామనుకున్నాడు తను. ఏడవలేదు. ఆ తరవాత ఏనాడూ తన భుజమ్మీద నిద్రపోలేదు కూడా. ఇంత లేని గుండె అంత దుఃఖాన్ని ఎలా మింగిందో తాతకి ఇప్పటికీ అంతుపట్టదు.

మధ్యాహ్నం కొట్టు మూశారు. కొడుకూ కోడలూ భోజనానికి లోపలికెళ్ళారు. దుప్పట్ల పక్కన బుల్లి పక్కకి తిరిగి నిద్రపోతోంది. గుడ్డ దిండు పక్కన పడుంది. తాత రెండు వేళ్ళతో దాన్ని ఎత్తాడు. నలభయ్యేళ్ళలో ఒకరి గుడ్డ ఇంకొకరికి ఇచ్చిన పాపాన పోలేదాయన. ముట్టుకుంటే చాలు ఎవరిదో చెప్పేస్తానంటాడు.

వెనకవైపు బాయిలర్ దగ్గర భార్య గంజి కలుపుతోంది. తాత పొయ్యి తలుపు తీశాడు. సెగ మొహానికి కొట్టింది.

"వద్దనవేం?" అన్నాడు.

"నేను వద్దంటే ఆగిందెప్పుడు మీరు? వేసేదేదో వేసి తలుపు మూయండి, సెగ తగులుతోంది."

చెయ్యి ముందుకెళ్ళలేదు. మూడేళ్ళ పిల్లాడి చూపు ఆ మంటలోంచి తననే చూస్తున్నట్టుంది. తాత అక్కడే పీట మీద కూలబడ్డాడు.

"నావల్ల కాదే. వాడికి చేసిందే చాలు. వాడు ఏడవలేదని ఊరంతా డప్పు కొట్టుకున్నాను గానీ, ఆ ఏడవకపోవడమే నన్ను ఇన్నేళ్ళూ తినేస్తోంది. బావురుమని ఏడ్చుంటే నేనూ మర్చిపోయేవాణ్ణి. పసివాడి ప్రాణం ఎంత విలవిల్లాడిందో ఏమో."

ఆయన కళ్ళు తుడుచుకోవడం పెళ్ళయ్యాక ఆవిడ చూడటం ఇదే మొదటిసారి. గంజి గరిటె పక్కన పెట్టి వచ్చి, ఆయన చేతిలోంచి ఆ గుడ్డ తీసుకుని, నింపాదిగా పొయ్యిలో పడేసింది.

తాత దిగ్గున లేచాడు. "అయ్యయ్యో, ఎంత పని చేశావే. పిల్ల లేచి అడిగితే ఏం చెబుతాం?"

"పిల్ల గుడ్డ పిల్ల చెంప కిందే ఉంది. పొద్దున మీ వాలకం చూసి, పిల్ల పడుకోగానే ఉతకడానికొచ్చిన హోటలు వాళ్ళ చేతిగుడ్డ ఒకటి మసిలో పొర్లించి దిండు పక్కన పడేశాను" అందావిడ, పొయ్యి తలుపు మూస్తూ. "అయినా వాడెందుకు ఏడుస్తాడండీ? ఆ రోజు మీరు కాల్చిందీ హోటలు వాళ్ళదే."