నారింజ రంగు తీగ

యాకుత్‌పురా గల్లీలో ఎలక్ట్రిక్ కారు బానెట్ ఎత్తి, వైకుంఠం నారింజ రంగు తీగ మీద కటింగ్ ప్లయర్ పెట్టాడు. పక్కింటి హమీద్ ఉరికొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

“అది కారు నడిపే పెద్ద బ్యాటరీ తీగ, కోస్తే మసైపోతవ్, వైకుంఠం భాయ్!”

“వదులు! తాళమేస్తే కెమెరా బందయితుంది, దానికి కరెంటు గీ తీగల్నుంచి తీస్త. రోజూ కారు గీకెటోన్ని పట్టాలె నేను.”

చెయ్యి వదలకుండానే హమీద్ మూలనున్న చిన్న బ్యాటరీ చూపించాడు. “కెమెరాకు గీడికెల్లి తీస్కో. కారు బందున్నా కరెంటుంటది.”

ఆ వేలే కారు డోరు మీది గీతల వైపు తిప్పాడు.

“కెమెరా పెట్టినంక దొరికేది నా బక్రీద్ మేకనే. డోరుల తన మొఖం చూసి, ఇంకో మేకనుకొని కుమ్ముతది.”

వైకుంఠం చెయ్యి సడలింది. “మరి ఇన్నొద్దులు చెప్పలేదేంది?”

“నేను సలాం చేస్తే నువ్వు మొఖం తిప్పుకుంటివి. ఎట్ల చెప్పాలె?”