పదహారు గంటల ఊపిరి

"మళ్లీ చుట్ట వాసన!" డోరా గుమ్మంలోనే ఆగిపోయింది. "మామయ్యా, మళ్లీ ఈ గదిలోనేనా?"

దేవసహాయం గబుక్కున వంగి ఆక్సిజన్ మిషను స్విచ్చి వేశాడు. అది ఒక కూత కూసి గురగురలాడటం మొదలుపెట్టింది. ఆయన వేళ్ల మధ్య ఆరిన చుట్ట ముక్క ఉంది.

"అంటే, ఇంతసేపూ ఆపేశారన్నమాట!"

మంచం మీద జ్ఞానమణి ముక్కుకు గొట్టం సర్దుకుంది. ఆయాసపడుతూనే, "అడుగు కోడలా, గట్టిగా అడుగు! నలభై ఏళ్లుగా చెబుతున్నా, వింటేనా?" అంది.

దేవసహాయం భార్య వైపు చూశాడు. తరువాత నేల వైపు చూశాడు. "పొరపాటేనమ్మా," అన్నాడు.

డోరా సైన్సు పంతులమ్మ. మాటల కంటే అంకెలనే నమ్ముతుంది. రోజుకు పదహారు గంటలు ఆక్సిజన్ అందాలని, ఆ దరిదాపుల్లో నిప్పు ఉండకూడదని డాక్టరు చెప్పాడు. మిషను ఎన్ని గంటలు నడిచిందో దాని వెనక మీటరు చెబుతుంది. కరెంటు పోయిన వేళలు తీసేసినా, వారంగా రోజుకో అరగంట తక్కువ వస్తోంది.

పొగ తాగే అలవాటుందా అని డాక్టరు అడిగినప్పుడు, "ప్రభువా! ఆడదాన్నండీ!" అంది అత్తగారు. పార్వతీపురంలో ఉన్నన్నాళ్లూ ఊదిన కట్టెపొయ్యి వల్లనే ఊపిరితిత్తులు పాడయ్యాయని డాక్టరు తేల్చాడు. చర్చి స్త్రీల సమాజానికి ఆవిడే పెద్ద. ఆవిడ బోధకు వీధిలో ముగ్గురు చుట్ట మానేశారు. సొంత మొగుడు మాత్రం మానలేదు.

"ఆక్సిజన్ దగ్గర నిప్పంటే ఏమిటో తెలుసా? దుప్పటి, మంచం, అత్తయ్య... అన్నీ చిటికెలో అంటుకుంటాయి!"

"తెలుసమ్మా. అందుకేగా ఆపింది."

"ఆపితే ఆవిడకి ఊపిరెవరిస్తారు? మీ చుట్టా?"

డోరాకు కాలు నిలవలేదు. వరండాలోకి వెళ్లింది, వంటింట్లోకి వెళ్లింది, తిరిగి వచ్చింది.

"మౌలాలిలో మీ తమ్ముడుగారింటికి వెళ్లండి, మామయ్యా. ఇవాళే. అత్తయ్య కుదుటపడ్డాక నేనే వచ్చి తీసుకొస్తాను."

దేవసహాయం ముఖం పాలిపోయింది. "మణీ, నేను లేకపోతే నీకు కష్టం. నువ్వైనా చెప్పు."

జ్ఞానమణి గోడ వైపు తిరిగింది. "నా ప్రాణం కోసం ఆ మాత్రం వెళ్లలేరా?"

డోరానే సంచి సర్దింది. గేటు దగ్గర ఆటోవాడు హారన్ మోగించాడు.

"ఏందమ్మా, ఇంకెంతసేపు? జెర జల్ది రమ్మను పెద్దాయన్ని! రైలు గేటు పడ్డదంటే అర్ధగంట ఖతం!"

ఆటో ఎక్కాక దేవసహాయం కోడలి చెయ్యి పట్టుకున్నాడు. "డోరా, మధ్యాహ్నం రెండింటికి ఆ మిషను ఓ అరగంట ఆపెయ్యమ్మా."

"ఎందుకూ? ఇక మీరుండరుగా!"

ఆయన పెదవులు కదిలాయి. కిటికీలోంచి జ్ఞానమణి చూస్తోంది. ఆయన కోడలి చెయ్యి వదిలేశాడు. ఆటో కదిలింది.

డోరాకు పని మీద ధ్యాస కుదరలేదు. పెద్దాయన్ని అవమానించానేమో అని ఒకసారి, అత్తయ్య బతికిందిలే అని ఒకసారి అనుకుంది. ఒంటిగంటకు మీటరు చూసింది. ఒంటిగంటన్నరకు మళ్లీ చూసింది. నిమిషం తప్పలేదు. తను చేసింది న్యాయమేనని ఆ అంకెలు చెబుతున్నట్టనిపించింది.

రెండు కొట్టాక రాగిజావ గిన్నె పట్టుకుని గది తలుపు తోసింది. మంచానికి అందని మూల మిషను నిక్షేపంగా నడుస్తోంది. గొట్టం ముక్కుకే ఉంది.

జ్ఞానమణి చుట్ట నోట్లో పెట్టుకుని అగ్గిపుల్ల గీసింది.