పైడితల్లి గొంతు తాళం

ఇప్పుడు మా ఊళ్లో తలుపులన్నీ మాటకు తెరుచుకుంటాయి. వాటిని పరీక్షించడానికి పాలకేంద్రం ఏటా అనుమతి ఉన్న ఒక దొంగను పంపుతుంది. దొంగ తలుపు తీయగలిగితే, తాళం మార్చేదాకా ఆ ఇంటి పాలు పోయించుకోరు.

మా గేదెల సాల తలుపు నా వేలికీ తెరుచుకుంటుంది, మాటకైతే నా భార్య పైడితల్లి నా పేరు పలకాలి. ఆమె ఏనాడూ మొగుడి పేరెత్తలేదు. అందుకే నిశ్చింతగా ఉన్నాను.

ఈసారి వచ్చిన దొంగపిల్ల సాల ముందు కూర్చుని మజ్జిగ తాగుతూ, "అమ్మా, కొత్త గేదెకి మీ ఆయన నీ పేరెట్టేడట," అంది.

పైడితల్లి నాకేసి తిరిగింది. "ఓరి నూకరాజూ, గేదెకి నా పేరెట్టేవా?"

తలుపు బార్లా తెరుచుకుంది.

"అబద్దమమ్మా, నా పనే అది," అని పిల్ల నవ్వింది.

రేపట్నుంచి పాలు పోయించుకోరు.

"ఇంకోపాలి పిలువే," అన్నాను.