పథ్యం కారం

"రోటి ముందు మగాడివి నువ్వేంటిరా! లే అవతలికి," అంది సౌభాగ్యమ్మ.

శామ్యూల్ లేవలేదు. పొద్దున బందరు ఆసుపత్రిలో కడుపు తీయించుకుని వచ్చిన భార్యకి వెల్లుల్లి కారం నూరుతున్నాడు.

"దేవుడిచ్చిన బిడ్డని వద్దనుకుంది చాలక, దానికి సేవలు కూడానా? నేను గుడివాడ చెల్లెలింటికి పోతున్నా," అంటూ ఆమె సంచీ భుజానికి తగిలించుకుంది.

"చంటాడికింకా ఏడాదైనా నిండలేదమ్మా. ఇద్దరం అనుకునే వెళ్ళాం. పాపమంటావా, అందులో సగం నాది."

"సగమా! నాకు కడుపు తీయించిన రోజు మీ నాన్న నన్ను ఆసుపత్రి గేటు దగ్గర దింపి, సాయంత్రానికి రొయ్యల కూర చెయ్యమని చెప్పి పోయాడు!"

రోకలి ఆగింది.

"మీకు పథ్యం ఎవరు పెట్టారత్తయ్యా?" మంచం మీద నుంచి దీవెన మెల్లగా అడిగింది.

"పథ్యమా? రొయ్యలు ఒలుస్తూ కూర్చున్నానే."

పొద్దుట్నుంచీ తనను తొలుస్తున్నది పాపభయం కాదని, కోడలి మీద కుళ్ళని ఆమెకప్పుడు తెలిసింది.

శామ్యూల్ వేడన్నంలో కారం, నెయ్యి కలిపి, మొదటి ముద్ద తల్లి చేతిలో పెట్టాడు.

"ఇప్పుడు నాకెందుకురా," అంటూనే తింది. కాసేపటికి సంచీ దించింది.

"ఉప్పు చాల్లేదు. కూర్చుని మళ్ళీ నూరు."