పుట్టని పిల్లాడు

ఆ రోజుల్లో ప్రతి ఆసుపత్రి గోడకీ ఒక జడ్జి ఉండేది. రాజ్యాంగం రాసినవాళ్ల మనసులో దూరి మరీ అర్థం చెప్పే యంత్రమది. సముద్రం మింగేసిన దీవి నుంచి విశాఖ వచ్చి, రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేస్తున్న మరియం, ఆపరేషన్ కుట్లు సలుపుతుండగా కొడుకునెత్తుకుని దాని ముందు నిలబడింది.

"ఈ గడ్డ మీద పుట్టినవాడే పౌరుడు. వీణ్ణి కోసి తీశారు. రాసినవాళ్ల ఉద్దేశంలో పుట్టడమంటే తనంతట తాను రావడం. కనుక వీడు పుట్టలేదు, పౌరుడు కాడు. దేశం దాటించండి," అంది యంత్రం.

"ఓలమ్మో!" అని నర్సు అప్పలకొండమ్మ నోరు నొక్కుకుంది.

మరియం కొడుకుని పొదివి పట్టుకుని అడిగింది. "జడ్జిగారూ, పుట్టనేలేదంటున్నారు కదండీ, మరి దాటించేది ఎవర్నండీ?"

యంత్రం, రాజ్యాంగం రాసినవాళ్ల మనసులన్నీ గాలించింది. అక్కడేమీ దొరకలేదు.

"దాటించడానికి ఎవరూ లేరు," అని తీర్పిచ్చింది. "టీకా వేయడానికీ లేరు."

అప్పలకొండమ్మ దాని కెమెరాకు చెయ్యి అడ్డం పెట్టి, పిల్లాడి నోట్లో పోలియో చుక్కలు వేసేసింది. గుక్కపట్టి ఏడుస్తున్న వాణ్ణి ఎత్తుకుని మరియం బయటికి నడుస్తుంటే, గేటు దగ్గర కాపలా ఉన్న జవాను ఏమీ వినపడనట్టు గేటు తీశాడు.