మునిగే బొమ్మకు చొక్కా

“వదినా, గోపన్న సొక్కా ఒకటుంటే ఇయ్యవా?”

వినోద్ గుమ్మం బయటే నిలబడి అడిగాడు. వరసకి మరిది, పైగా వార్డు మెంబరు. రోజూ చొరవగా లోపలికొచ్చి కూర్చునే మనిషి ఇవాళ చెప్పులైనా విప్పలేదు. దాలమ్మ చేపలకు ఉప్పు పట్టిస్తోంది. తల ఎత్తలేదు. ఆమె బదులు అత్త లక్ష్మణమ్మ లేచింది.

“దేనికిరా ఆడి సొక్కా?”

“రేపు డ్రిల్లు కదా పెద్దమ్మా. తుపానొస్తే ఏటి సెయ్యాలో ఆఫీసర్లొచ్చి సూపిస్తారు. గడ్డిబొమ్మని ఏట్లో పడేస్తాం, మన కుర్రోళ్లు దూకి తీస్తారు. మండలంలో ఫస్టు ప్రైజు మన దిబ్బకే రావాల. బొమ్మకి లుంగీ దొరికినాది గానీ, సొక్కా దొరకలేదు.”

“ఊరంతట్లో సొక్కాల్లేవేటి? నీ ఒంటి మీదిది ఇప్పి తొడుగు!”

“అందర్నీ అడిగినాను పెద్దమ్మా. ఎవులూ ఇవ్వనేదు. మునిగిపోయే బొమ్మకి బతికున్నోడి సొక్కా తొడిగితే అపశకునమంట...” అనేసి వినోద్ నాలుక కరుచుకున్నాడు.

వంశధార సముద్రంలో కలిసేచోట, చుట్టూ నీళ్లతో ఉన్న సరుగుడుదిబ్బలో నూట ఎనభై గడపలున్నాయి. ఊరి పనంటే చాలు, ఒకరిని మించి ఒకరు. రేవు మెట్లు అలాగే కట్టుకున్నారు, తుపాను షెల్టరుకి రంగులూ అలాగే వేసుకున్నారు. అంత మంచి ఊళ్లో ఒక్క పాత చొక్కాకి కరువొచ్చింది చూడండి! ఆ వెతుకులాట ఊరంతా తిరిగి తిరిగి ఈ గుమ్మం దగ్గరికే వచ్చి ఆగింది.

లక్ష్మణమ్మ కోడలి వైపు తిరిగింది. “విన్నావా? ఆడు పోనాడని ఊరంతా ఒప్పీసుకున్నాది. నువ్వే ఒప్పుకోవు. పడవ దొరికినాది, ఆడు దొరకలేదు. పది నెలలైపోనాది. గడ్డితో మనిషిని సేసి కర్మ సేసీవచ్చని పంతులు సెప్పినాడా నేదా? నా కొడుకు ఏ గతీ నేకుండా తిరగతన్నాడే తల్లీ.”

దాలమ్మ ఎప్పుడూ అనే మాటే అంది. “నీళ్లలోకి ఎల్లినోడు నీళ్లలోంచే రావాల అత్తా. వచ్చినాకే ఏదైనా.”

ఆ మాట మీద లక్ష్మణమ్మ ఎన్నిసార్లు నెత్తి బాదుకుందో లెక్కలేదు. ఇప్పుడూ అదే పని చెయ్యబోయింది గానీ, ఈలోగా దాలమ్మ లేచి చేతులు కడుక్కుని, కొక్కేనికి తగిలించి ఉన్న నీలం గళ్ల చొక్కా తీసి వినోద్ చేతిలో పెట్టింది. మూడో బొత్తం ఎర్రదారంతో కుట్టి ఉంది. ఆ రోజు ఇంట్లో నీలం దారం లేక తనే కుట్టింది. ఇప్పుడైనా ఏడుపు వస్తుందేమోనని ఒక్క క్షణం ఆగి చూసుకుంది. రాలేదు. పది నెలలుగా ఏదీ రావడం లేదు. ఆకలి కూడా ఎదుటివాళ్లు తింటుంటేనే గుర్తొస్తోంది. వెళ్లి మళ్లీ చేపల ముందు కూర్చుంది.

తెల్లారేసరికి రేవంతా తిరణాలలా ఉంది. షామియానాలు, మైకు, పిల్లల చేతుల్లో జెండాలు, అందరికీ ఉప్మా. ఇంటికొకరైనా రావాలని ఊరి మాట. అత్తాకోడళ్లు ఇద్దరూ వచ్చారు.

సైరన్ మోగింది. బొమ్మను పడవ మీంచి తోసేశారు. నీలం గళ్ల చొక్కా కాసేపు తేలింది, తర్వాత మునిగింది. కుర్రాళ్లు దూకారు. ఆటుపోట్లకి ఏరు వడిగా ఉంది, బొమ్మ జాడ లేదు. నవ్వుకుంటున్నవాళ్లు నవ్వు ఆపి రేవు మెట్లదాకా దిగారు. లక్ష్మణమ్మ కళ్లు మూసుకుంది. దాలమ్మ రెప్ప వెయ్యకుండా నీళ్లకేసే చూస్తోంది.

“దొరికీసినాడు! దొరికీసినాడు!”

ఊరు ఊరంతా ఒక్కసారి కేక పెట్టింది. “పదకొండు నిమిషాలు! శభాష్!” అన్నాడు ఆఫీసరు మైకులో. ట్రైనింగిచ్చే ఆయన బొమ్మను ఇసకలో వెల్లకిలా పడుకోబెట్టి, గుండె మీద రెండు చేతులూ వేసి లెక్కపెడుతూ నొక్కాడు. “చూశారా? ఇలా నొక్కితే ఊపిరొచ్చేస్తుంది. ఇదిగో, మనిషి బతికాడు!”

అందరూ చప్పట్లు కొట్టారు. ఆఫీసరు కాగితం మీద ‘బాధితుడు క్షేమం’ అని రాసుకున్నాడు.

దాలమ్మ ఎప్పుడు నడిచిందో ఆమెకే తెలీదు. బొమ్మ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. చొక్కా చేతుల్లోంచి నీళ్లు కారుతున్నాయి. మెడ దగ్గర తడిగడ్డి బయటికొచ్చింది. ఎర్రదారం బొత్తం మాత్రం ఊడలేదు.

“పక్కకి జరగమ్మా, ఇంకా ఫొటోలున్నాయి,” అంటూ ట్రైనింగాయన బొమ్మ గుండె మీద మళ్లీ చేతులు వేశాడు.

“ఇంక నొక్కకు బాబూ. నొప్పెడతాది.”

ఎవరో కిసుక్కున నవ్వి ఆపేశారు. వినోద్ పరిగెత్తుకొచ్చి, “సొక్కా ఉతికించి నేనే తెచ్చిస్తాను, లెగు వదినా,” అన్నాడు. ఆమె వినలేదు. చొక్కా అంచు లాగి సరిచేసింది. మొహం మీది ఇసక తుడిచింది.

జనంలోంచి అత్త మొహం వెతుక్కుని పిలిచింది.

“అత్తా! నీ కొడుకు నీళ్లలోంచి వచ్చీసినాడు. ఊరంతా ఎలాగూ ఇక్కడే ఉన్నాది. పాడె కట్టమను.”